ఏ దిక్కుకు, ఫెలిక్స్?

ఖాళీ గది. బోడి గోడలు. గది పొడవునా ఒక బల్ల, ఆ బల్ల మీద పెద్ద గ్లోబు. అవతలి కొసన ఒక మనిషి తల రెండు చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు. పక్కన నేల మీద మూట, చేతికర్ర. తెరిచిన వాకిలికి అవతల ఆకుల్లేని చెట్లు, పక్షులు. 1939లో నువ్వు వేసిన బొమ్మ ఇది, ఫెలిక్స్ నుస్‌బౌమ్. దాని పేరు ‘కాందిశీకుడు’.

ఈ మాట మాకు సంస్కృతం నుంచి వచ్చింది. ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోను, అని భయంతో అడుగుతూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. మాటలోనే ప్రశ్న ఉంది. నీకు తెలుగు తెలియదు, సంస్కృతం తెలియదు. అయినా ఈ మాటకు బొమ్మ గీయమంటే ఇంతకంటే సరిగా గీయగలవాళ్ళు లేరు. భూగోళమంతా ఎదుట ఉంది. వేలు పెట్టి ‘ఇదిగో ఇక్కడికి’ అని చూపించడానికి అందులో జానెడు చోటు లేదు. అందుకే బల్ల అంత పొడవు. అందుకే ఆ మనిషి గ్లోబు వైపు చూడటం లేదు.

తెలుగులో దిక్కుకు ఇంకో అర్థమూ ఉంది. తూర్పూ పడమరా మాత్రమే దిక్కులు కావు, ఆదుకునే మనిషి కూడా దిక్కే. ‘నీకెవరు దిక్కు’ అని అడిగితే నాలుగు వైపుల సంగతి ఎవరూ చెప్పరు, ఒక పేరు చెబుతారు. నాలుగు వైపులా మూసుకుపోయిన కాలంలో నువ్వు చెప్పిన పేరేమిటో నాకు తెలుసు. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

1904 డిసెంబరు 11న, ఉత్తర జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో పుట్టావు. నాన్న ఫిలిప్ ఇనుప సామాన్ల వ్యాపారి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ కోసం పోరాడినవాడు, ఆ దేశం తనదేనని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలిగినవాడు. తీరిక దొరికితే తనూ కుంచె పట్టేవాడు. కొడుకు చిత్రకారుణ్ణవుతానంటే కాదనని తండ్రులు లోకంలో తక్కువ. ఆ తక్కువమందిలో ఆయన ఒకడు. అమ్మ రాహెల్, అన్న యూస్టుస్. నుస్‌బౌమ్ అంటే అక్రోటు చెట్టు. చెట్టు పేరు పెట్టుకున్న ఇల్లు ఊళ్ళో వేళ్ళు దన్నుకుని నిలబడి ఉంది.

1926లో ఆ ఊరి సినగాగును లోపలి నుంచి చిత్రించావు. ప్రార్థన శాలువా కప్పుకున్న ఒక పెద్దాయన, ఆయన వెనక ఒక యువకుడు. ఆ యువకుడివి నువ్వే. బొమ్మలో నిన్ను నువ్వు నిలబెట్టుకునే అలవాటు అప్పటికే ఉంది. పన్నెండేళ్ళ తరవాత, 1938 నవంబరు 9 రాత్రి, ఆ సినగాగును తగలబెట్టారు. నీ బొమ్మలో అది ఇంకా నిలిచే ఉంది.

హాంబర్గ్‌లో, బెర్లిన్‌లో చదువుకున్నావు. వాన్‌గో మీద పిచ్చి ప్రేమ. ఫ్రెంచి చిత్రకారుడు రూసో నుంచి బొమ్మలో అమాయకత్వం ఎలా దాచాలో నేర్చుకున్నావు. 1931లో ‘పిచ్చి చౌకు’ వేశావు: బెర్లిన్ నడిబొడ్డున అకాడమీ పెద్దలు బారులు తీరి నడుస్తుంటారు, కుర్ర చిత్రకారులు తమ బొమ్మలు మోసుకొచ్చి ఆ చౌకులో గుట్ట పోస్తారు, ముసలి చిత్రకారుడు మాక్స్ లీబర్మన్ తన ఇంటి కప్పు మీద కూర్చుని బొమ్మ వేసుకుంటుంటాడు. ఇరవయ్యారేళ్ళ పొగరు ఆ బొమ్మలో కళకళలాడుతుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది, ఎందుకంటే దాని తరవాత నీ బొమ్మల్లో అలాంటి నవ్వు మళ్ళీ కనిపించదు.

1932లో నిన్ను రోమ్‌కు పిలిచారు. జర్మనీ తన ప్రతిభావంతులకు ఇచ్చే గౌరవం అది: విల్లా మాస్సిమోలో ఉండి బొమ్మలు వేసుకునే వేతనం. వెళ్ళావు. ఆ డిసెంబరులోనే బెర్లిన్‌లో నీ స్టూడియో కాలిపోయింది. సుమారు నూట యాభై బొమ్మలు బూడిదయ్యాయి. మరుసటి నెలలో హిట్లర్ గద్దెనెక్కాడు. మే నెలలో, సాటి జర్మన్ చిత్రకారుడితో గొడవ జరిగాక, విల్లా మాస్సిమో నుంచి బయటికొచ్చావు. గౌరవం మీద ఊరు దాటినవాడివి, ఊరికి తిరిగి వెళ్ళలేనివాడివయ్యావు. ఎవరూ నిన్ను మెడపట్టి సరిహద్దు దాటించలేదు. నువ్వు దూరాన ఉండగా, వెనక నుంచి తలుపు వేసేశారు.

ఏ దిక్కుకు, ఫెలిక్స్?

అలాస్సియో, రపాల్లో. ఇటలీ సముద్రం ఒడ్డున ఎండ కాసే చిన్న ఊళ్ళు. 1934లో అమ్మానాన్నలు రపాల్లోకు వచ్చారు. నువ్వూ, నేనింకా పేరు చెప్పని ఆమే, వాళ్ళిద్దరూ. ఎండా, సముద్రమూ, బిడ్డా అన్నీ ఎదుట ఉన్నా ముసలివాళ్ళకు ఇల్లు గుర్తొచ్చింది. తిరిగి జర్మనీకే వెళ్ళిపోయారు. ఆ బెంగను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మొక్కను పీకి ఇంకో చోట నాటవచ్చు. ముదిరిన చెట్టును పీకగలిగేదెవరు? 1939లో వాళ్ళూ ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోక తప్పలేదు. అన్న కుటుంబం అప్పటికే హాలెండ్‌లో ఉంది.

మీరిద్దరూ పారిస్ మీదుగా 1935లో బెల్జియం చేరారు. ఓస్టెండ్ రేవు. బూడిదరంగు సముద్రం, తెరచాప స్తంభాలు. ముసుగుల చిత్రకారుడు జేమ్స్ ఎన్సర్ ఆ ఊళ్ళోనే ఉండేవాడు. ఆయన్ని వెళ్ళి కలిశావు. నివాసపత్రానికి గడువు, గడువు తీరేలోపు మళ్ళీ అర్జీ, అర్జీ నడుస్తుండగా మళ్ళీ గది మార్పు. గది మారినప్పుడల్లా ఈజిల్ మడిచి, తడారని కాన్వాసు ఎటూ తగలకుండా పట్టుకుని మెట్లు దిగాలి. 1936లో నీ ముఖాన్నే పదే పదే గీసుకున్నావు: మూతి వంకర తిప్పుకుని ఒకటి, గిన్నెలు తుడిచే గుడ్డతో ఒకటి. మోడల్‌కు ఇవ్వడానికి డబ్బు లేకనే అలా గీసుకున్నాడని అనేవాళ్ళుంటారు. నేననుకునేది వేరు. నువ్వు ఎవరివో కాగితం మీద రాసే అధికారం ఇతరుల చేతికి పోయింది. రోజూ అద్దం ముందు నిలబడి ఆ అధికారాన్ని తిరిగి తెచ్చుకుంటున్నావు.

ఇప్పుడు ఆ పేరు చెబుతాను. ఫెల్కా ప్లాటెక్.

1899లో వార్సాలో పుట్టింది. నీకంటే అయిదేళ్ళు పెద్ద. బెర్లిన్‌లో నీకు పరిచయమైంది. ఆమె కూడా చిత్రకారిణే. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నీ కథ చెప్పేటప్పుడు చాలామంది ఆమెను ‘భార్య’ అన్న ఒక్క మాటలో కట్టి మూల పెడతారు. రోమ్‌కు నీతో వచ్చింది. రపాల్లోకు వచ్చింది. ఓస్టెండ్ గదుల్లోనూ, బ్రస్సెల్స్ గదిలోనూ ఆమె ఉంది. ఒక్క గదిలో ఇద్దరు చిత్రకారులంటే ఒక్క కిటికీ వెలుగును ఇద్దరు పంచుకోవడం. 1937 అక్టోబరు 6న బ్రస్సెల్స్‌లో పెళ్ళి చేసుకున్నారు. ఆమె వేసిన బొమ్మల్లో మిగిలినవి బహు కొద్ది. మనుషుల ముఖాలు, బల్ల మీద సామాన్లు. ఆ కొద్దిలోనే తొందరపడని చూపు ఉంది.

1940 మే 10న జర్మన్ సైన్యం బెల్జియం మీద పడింది. బెల్జియం నిన్ను అరెస్టు చేసింది, నువ్వు జర్మనువని. జర్మనీ నిన్ను యూదుడివని కాదంది, బెల్జియం జర్మనువని పట్టుకుంది. రైలెక్కించి ఫ్రాన్సు దక్షిణపు కొసన, పెర్పిన్యాన్ దగ్గర సముద్రపుటొడ్డున, సాన్‌సిప్రియాన్ శిబిరంలో పడేశారు. ఇసుక, ఈగలు, ముళ్ళతీగ, విరేచనాలు. తరవాత నువ్వు వేసిన ‘శిబిరంలో స్వీయచిత్రం’లో గడ్డం మాసి, చిరిగిన బట్టల్లో, కళ్ళు చిట్లించి మావైపు చూస్తుంటావు. వెనక ఒకడు బకెట్టు మీద వంగి కూర్చున్నాడు. మనిషికి చాటు కూడా లేకుండా చేయడమేమిటో చరిత్ర గ్రంథాలు పేజీలకొద్దీ రాశాయి. నువ్వు ఒక బకెట్టు గీశావు.

ఆ ఇసుకలో మళ్ళీ గ్లోబు కనిపిస్తుంది. 1942లో జ్ఞాపకం నుంచి వేసిన బొమ్మలో, ఖైదీలు ఒక పెట్టె చుట్టూ చేరతారు. పెట్టె మీద ఉన్నది చేతికి దొరికిన చెత్తతో చేసిన భూగోళం, దానికి ముళ్ళతీగ చుట్టి ఉంది. మూడేళ్ళ కిందటి బొమ్మలో గ్లోబు నున్నగా, పెద్దగా, ఒంటరి మనిషి ఎదుట ఉండేది. ఇప్పుడది మాసిపోయింది. చుట్టూ మనుషులు మాత్రం పెరిగారు.

శిబిరంలో పడేసిన ఆ ఏడాది ఆగస్టులోనే, జర్మనీకి తిరిగి పంపమని అర్జీ పెట్టుకున్నావు. చావు ఎదురుచూస్తున్న చోటుకే పంపమని అడిగేటంతగా ఆ ఇసుక నిన్ను విసిగించింది. దారిలో బోర్డో దగ్గర తప్పించుకున్నావు.

ఆ క్షణం దగ్గర నేను ఎన్నోసార్లు ఆగాను. బోర్డో నుంచి దక్షిణానికి స్పెయిన్ ఎంతో దూరం లేదు. పడమట సముద్రముంది. ఉత్తరాన జర్మన్ సైన్యం నిండిన బ్రస్సెల్స్ ఉంది, అందులో ఫెల్కా ఉంది. నువ్వు ఉత్తరానికి వెళ్ళావు. జీవితంలో మొట్టమొదటిసారి ఏ దిక్కుకు పోను అని అడగనక్కర్లేకుండా నడిచావు. నీకెవరు దిక్కు అన్నదానికి జవాబు అదే.

1942లో, యూదులు బట్టల మీద కుట్టుకోవాల్సిన పసుపుపచ్చ నక్షత్రం వచ్చింది. ఇళ్ళ నుంచి మనుషుల్ని తీసుకుపోవడం మొదలైంది. మీరిద్దరూ దాక్కున్నారు. కొంతకాలం శిల్పి డాల్ఫ్ లెడెల్ ఆశ్రయమిచ్చాడు. తరవాత ఆర్కిమెడ్ వీధిలో, మీరు అద్దెకున్న ఇంటి పైకప్పు కింది గదే దిక్కయింది. నిద్రపోయే చోటు ఒకటి, బొమ్మలు వేసే చోటు మరొకటి. టర్పెంటైన్ వాసన గోడలు దాటి పోతుంది. పక్కింటివాళ్ళ ముక్కుకు తగిలితే చాలు, ప్రాణాలు పోతాయి. ఒకచోట నుంచి ఇంకోచోటుకు నడిచే ఆ కొద్దిపాటి వీధి నీకు రోజూ సరిహద్దే.

అలాంటి రోజుల్లో ఎవరైనా ఏం చేస్తారు? ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నువ్వు తైలవర్ణాలతో పెద్ద పెద్ద కాన్వాసులు వేశావు.

1943. ‘యూదు గుర్తింపు కార్డుతో స్వీయచిత్రం’. ఎత్తైన గోడల మూలలో నిలబడి ఉన్నావు. కోటు కాలరు పైకెత్తి ఉంది, టోపీ కళ్ళ మీదికి దిగి ఉంది. కాలరు పట్టుకున్న చేయి కింద పసుపు నక్షత్రం బయటపడింది. రెండో చేతిలో కార్డు, దాని మీద రెండు భాషల్లో ఎర్రముద్ర: యూదుడు. జాతీయత అన్న చోట ‘లేదు’. గోడ అవతల కొమ్మలు నరికిన చెట్టు. నల్లమబ్బు. ఆ నరికిన చెట్టును చూడండని అరవాలనిపిస్తుంది నాకు, ఎందుకంటే దాని దగ్గరే పువ్వులు కూడా ఉన్నాయి. అక్రోటు చెట్టు పేరున్నవాడా, ఆ చెట్టెవరో చెప్పనక్కర్లేదు.

ఆ బొమ్మలో నీ చూపు గురించి ఎంత రాసినా తక్కువే. ఎవరో వెనక నుంచి ‘కాగితాలు చూపించు’ అంటే చటుక్కున తల తిప్పినట్టు, పక్క నుంచి మమ్మల్ని చూస్తావు. అంటే కాగితాలు అడిగినవాడి స్థానంలో మేమున్నాం. బొమ్మ ముందు నిలబడ్డ ప్రతి మనిషినీ, ఇష్టమున్నా లేకపోయినా, ఆ స్థానంలోకి లాక్కొస్తావు. నీ కార్డు నువ్వు చూపించావు. ఇక మేమేం చేస్తామో చూస్తూ నిలబడ్డావు.

అదే ఏడాది మరో స్వీయచిత్రం: ఈజిల్ ముందు, చొక్కా లేకుండా, నోట్లో పైపుతో. ముందున్న రంగుసీసాల మీద చీటీలు. ఒకదాని మీద బాధ అని, ఒకదాని మీద గతం మీది బెంగ అని. ఒక సీసా మీద కపాలం గుర్తు. ఏ దుకాణంలోనూ దొరకని రంగులు నీ దగ్గరున్నాయి.

వీధి వాద్యం తిప్పేవాడి బొమ్మ కూడా ఉంది. నిర్మానుష్యమైన వీధి, కిటికీలకు నల్లజెండాలు. వాద్యం గొట్టాల మధ్య ఎముక. అతను వాయించడం లేదు. పెట్టె మీద చేయి ఆనించి ఆగాడు. వినేవాళ్ళు లేని వీధిలో పాటగాడు చేయగలిగిందేముంది? అయినా పెట్టె వదిలి పోలేదు. ‘భయం’ అన్న బొమ్మలో అన్న కూతురు మరియానెను దగ్గరికి తీసుకుని నిలబడ్డావు. ఆ పిల్ల అప్పుడు హాలెండ్‌లో ఉంది. చేతులతో పట్టుకోలేని పిల్లను కుంచెతో పట్టుకున్నావు.

1944 ఫిబ్రవరిలో అమ్మనీ నాన్ననీ ఆష్విట్జ్‌కు పంపేశారు. ఆ ఏప్రిల్లో నువ్వు ‘మృత్యు విజయం’ పూర్తి చేశావు.

ఎముకల గూళ్ళు వాద్యాలు వాయిస్తున్నాయి. బూర, డోలు, వయొలిన్. వాటి కాళ్ళ కింద మనిషి ఇన్ని శతాబ్దాలుగా చేసుకున్నదంతా చెల్లాచెదురుగా పడి ఉంది: టైపురైటరు, కెమెరా, ఫిల్ము, విరిగిన విగ్రహం, పుస్తకాలు. చినిగిన సంగీతపు కాగితం మీద లండన్‌లో అప్పట్లో హుషారుగా పాడుకున్న ‘లాంబెత్ వాక్’ స్వరాలు. ఆకాశంలో గాలిపటాలు, వాటికి ముఖాలు. ఎముకల మధ్య వీధి వాద్యం తిప్పేవాడొకడు ఇంకా చర్మంతో, ముఖంతో మిగిలి ఉన్నాడు. ఆ ముఖం నీ పోలికే. నేల మీద ఒక కేలండరు కాగితం: 1944 ఏప్రిల్ 18. చిత్రకారులు సంతకం పక్కన తేదీ వేస్తారు. నువ్వు శిథిలాల మధ్య పడేశావు, ఏ రోజున లోకం ఇలా ఉందో ఎవరూ కాదనకుండా.

జూన్ 6న మిత్రసేనలు నార్మండీలో దిగాయి. అటకగదిలో మీకు ఆ కబురు అందే ఉంటుంది. జూన్ 20న సైనికులు వచ్చి ఆ అటక నుంచి మీ ఇద్దర్నీ పట్టుకుపోయారు. బెల్జియంలోనే ఉన్న మెఖెలెన్ శిబిరం నుంచి జూలై 31న రైలు కదిలింది. అక్కడి నుంచి ఆష్విట్జ్‌కు బయలుదేరిన చిట్టచివరి రైలు అదే. దిక్కు: తూర్పు. ఆగస్టు 2న చేరింది. ఫెల్కాను చంపేశారు. నీ చేతికి బి-3594 అన్న అంకె వచ్చింది. సెప్టెంబరు 3న బ్రస్సెల్స్‌కు విముక్తి వచ్చింది. సెప్టెంబరు 20 నాటి శిబిరం ఆసుపత్రి కాగితంలో నీ పేరుంది. మీ వీధిలో జనం స్వేచ్ఛగా తిరగడం మొదలై పదిహేడు రోజులైనా నువ్వింకా ప్రాణంతో ఉన్నావు. ఆ తరవాత నీ జాడ లేదు. యూస్టుస్ మిగల్లేదు, మరియానె మిగల్లేదు. అక్రోటు చెట్టులో ఒక్క కొమ్మా మిగల్లేదు.

కొన్ని బొమ్మల్ని బ్రస్సెల్స్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర దాచి వెళ్ళావు. నేను పోయినా నా బొమ్మల్ని చావనివ్వకండి, జనానికి చూపించండి అని నువ్వు వేడుకున్నావంటారు. తన ప్రాణం గురించి ఎవర్నీ అంతగా అడగని మనిషి అడిగిన ఒక్క కోరిక అది. అది కూడా తేలిగ్గా తీరలేదు. బొమ్మలు ఏళ్ళతరబడి నేలమాళిగ చెమ్మలో పడి ఉన్నాయి. దూరపు బంధువులు కోర్టుకెక్కి వాటిని విడిపించుకున్నారు. 1971లో ఓస్నాబ్రుక్ వాటిని గోడలకు పెట్టింది. 1998లో అదే ఊళ్ళో, పోలండ్‌లో పుట్టిన యూదు వాస్తుశిల్పి డేనియల్ లిబెస్కిండ్ నీ పేర కట్టిన మ్యూజియం తలుపు తెరిచింది. ఆయన కట్టడాల్లో పూర్తయిన మొదటిది అదే. అందులో ఇరుకైన ఎత్తైన నడవా ఒకటుంది. అక్కడ బొమ్మకు దూరంగా జరిగి నిలబడటానికి వీల్లేదు. గది చాలనివాడు వేసిన బొమ్మల్ని అలాగే చూడాలి. ఈ విషయంలో లిబెస్కిండ్ చేసింది సరైన పని.

ఊరు తరిమింది, ఊరే ఇల్లిచ్చింది. దీన్ని న్యాయం అనలేను. బొమ్మలు తిరిగొచ్చాయి, గీసిన చేయి రాలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా ఫెలిక్స్ నుస్‌బౌమ్ ఏ దేశస్థుడని అడిగితే, ‘లేదు’ అని రాసిన ఆ కార్డును చూపించి ఊరుకోవాల్సిన పని లేదు. ఆ రెండు వందల పైచిలుకు బొమ్మల్ని చూపించవచ్చు.

చదివినవాళ్ళకు ఒక్క మనవి. ఇతని కథ ఇంకెవరికైనా చెబితే ఆమె పేరు కూడా చెప్పండి. ఫెల్కా ప్లాటెక్, చిత్రకారిణి, వార్సా.